మేయర్ గారిని చంపిన ఊపిరి

ఆ రేడియో స్టేషన్‌లో వార్తలు చదివే ఆవిడను అందరూ వార్తలక్క అనేవారు. ఆవిడ వాన పడుతుందని చదివితే, మాట తప్పడానికి మబ్బులు కూడా మొహమాటపడేవట. ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఆస్పత్రిలో పడి లేచాక గొంతు గొంతులాగే తిరిగొచ్చింది. ఊపిరి మాత్రం సగమే వచ్చింది. మిగతా సగంతో పాటు ఇంకేదో కూడా అక్కడే ఉండిపోయినట్టుంది. నవ్వొచ్చే మాటకు నవ్వేది, పలకరిస్తే పలికేది. అదంతా స్టూడియో అద్దానికి అవతల ఇంకెవరో చేస్తున్నట్టుండేది.

మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నటించేది. సంగతి ఒక్క భర్తకే తెలుసు.

“ఆఫీసులో చెప్పేయకూడదూ?” అన్నాడాయన ఒక పొద్దున బూట్లు తుడుచుకుంటూ.

“చెబితే మైకు తీసేస్తారు.”

“తీసేస్తే ఏమవుతుంది?”

మైకు ముందు కూర్చున్న కాసేపే తానింకా ఉన్నట్టు ఆమెకు తెలిసేది. ఆ మాట నోటిదాకా వచ్చి, “ఏమో” అయిపోయింది.

అందుకే ఆమెకు కామాలు కావాల్సి వచ్చాయి. కామా ఉన్నచోట ఆగితే అది చదవడం. లేనిచోట ఆగితే అది జబ్బు.

చిక్కల్లా వార్తలు దిద్దే ఇద్దరితోనే. పొద్దుటి డ్యూటీ కుర్రాడి పేరు కత్తెర. కామా కనిపిస్తే చీమను నలిపినట్టు నలిపేసేవాడు. సాయంత్రం డ్యూటీ ఆవిడ చుక్కలమ్మ. ఆవిడ చేతిలో పడ్డ కాగితం మశూచి పోసినట్టు తిరిగొచ్చేది. ఒకనాడు డ్యూటీలు మారే వేళ వార్తలక్క ఇద్దరినీ పట్టుకుంది.

“నాకొక్కటే పద్ధతి చెప్పండి. వ్యాకరణం ప్రకారం కామా ఎక్కడ పెట్టాలి?”

“తెలుగుకు కామా ఎరువు సొమ్మక్కా. అన్నా తమ్ముడూ అని దీర్ఘం తీశామా, ఇద్దరూ కలిసిపోయారు. మధ్యలో అడ్డుగోడ దేనికి?” అన్నాడు కత్తెర.

“ఆస్తి పంచుకునేటప్పుడు తెలుస్తుంది దేనికో,” అంది చుక్కలమ్మ. “వచ్చి, తిని, పడుకున్నాడు. నీ పద్ధతిలో రాస్తే పాపం చెయ్యి కడుక్కునే వ్యవధి కూడా ఉండదు.”

“కడుక్కున్నాడో లేదో మనకెందుకండీ? ఎవడి పక్క వాడిది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. పద్ధతి మాత్రం తేలలేదు. వార్తలక్క లైబ్రరీకి వెళ్ళి రెండు వ్యాకరణాలు తిరగేసింది. ఒకటి పెట్టమన్నచోట రెండోది వద్దంది. బడిలో పాఠాలు చెప్పే మరదలిని అడిగితే, “ఆగాలనిపించిన చోట పెట్టుకో వదినా,” అంది. ఆమెకు ప్రతి మాట దగ్గరా ఆగాలనే ఉంది.

ఆ వారంలోనే మధ్యాహ్నం వార్తల్లో కత్తెర దిద్దిన వాక్యం ఒకటి వచ్చింది. “నిన్న రాత్రి కన్నుమూసిన మేయర్ గారి మామగారి అంత్యక్రియలు ఈ సాయంత్రం జరుగుతాయి.” ఒక్క కామా లేదు. “మేయర్ గారి” దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. ఆగింది. ఆ ఆగడంతో మామగారికి బదులు మేయర్ గారు పోయారు.

తర్వాతి ముక్క విన్నవాడు లేడు. పూలదండతో పరిగెత్తినవాళ్ళకు మేయర్ గారే తువ్వాలు చుట్టుకుని తలుపు తీశారు. ఎన్నికల్లో ఆయన మీద ఓడిన పెద్దమనిషి అందరికంటే ముందొచ్చి భోరున ఏడ్చి, ఆయన్ను చూశాక ఇంకా ఎక్కువ ఏడ్చాడట. మేయర్ గారు స్టేషన్ డైరెక్టరుకు ఫోన్ చేశారు.

“మామగారు పోయినందుకు నేనేడవాలా, నేను పోయినందుకు మా ఆవిడను ఓదార్చాలా? ఏదో ఒకటి తేల్చండి.”

డైరెక్టరు ఆ కాగితం బల్లమీద పరిచి అందరినీ పిలిచాడు. “కన్నుమూసిన అన్నాక కామా ఉంటే ఈ గోల వచ్చేదా? తీసేసిందెవరు?”

కత్తెర బొటనవేలితో పెన్ను మూత రుద్దుకుంటున్నాడు. వాడి కొలువింకా పర్మనెంటు కాలేదు.

“రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు,” అన్నాడు డైరెక్టరు.

వార్తలక్క ఊరుకుంటే చాలు, తప్పు కామాది అయిపోతుంది. ఆమెకు వాడి మీద జాలి కలగలేదు. భయమూ వేయలేదు. కానీ మాట దాచుకోవాలన్నా ఊపిరి బిగబట్టాలి. ఆమె దగ్గర అంత ఊపిరి లేదు.

“కామా లేక కాదండీ,” అంది. “ఊపిరి లేక ఆగాను.”

“ఎప్పట్నుంచమ్మా?”

“ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచి.”

డైరెక్టరు కత్తెరను పనికి పొమ్మని, బల్లమీది కాగితం మడిచేశాడు. సాయంత్రం సవరణ ఇంకో అమ్మాయి చదివింది. గొంతు బాగుంది, ఊపిరి ఇంకా బాగుంది. వార్తలక్క బస్సులో కిటికీ పక్క కూర్చుని ఇంటికి పోయింది. భర్త అడిగితే “మైకు తీసేశారు” అంది. ఆయన పళ్ళెం ముందుకు జరిపితే తింది.

మర్నాడు ఆమెకు వార్తలు దిద్దే గదిలో కుర్చీ వేశారు. కత్తెర ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు.

“పైకి చదువక్కా. నువ్వెక్కడ ఆగితే అక్కడ పెడతాను.”

“ఇదేం వ్యాకరణం?”

“నువ్వడిగిన పద్ధతి. దొరికింది.”

ఆమె చదివింది. రెండో వరుసలో ఆగింది. వాడు బుద్ధిగా కామా పెట్టాడు.

“అది దగ్గు,” అంది ఆమె. “తీసేయ్.”