ఆగమ్మ అయిదు పూటల నాగా

మాదన్నపేటలో పాల ఆగమ్మను ఎరగనివాళ్ళు లేరు. ఆమెకంటే ముందు ఆమె గొంతు వీధిలోకి వచ్చేది. "పాలో!" అని ఒక్క కేక వేస్తే సైదాబాదు దాకా గిన్నెలు బయటికి వచ్చేవని చెప్పుకునేవారు. అందులో కొంత కోత ఉంటే ఉండవచ్చు, పాలలో మాత్రం చుక్క నీళ్ళు ఉండేవి కావు. కలిపావని ఎవరైనా అన్నారా, ఆ ఇంటి వాకిట్లో నిలబడి మూడు తరాల వాళ్ళనూ కడిగి ఆరేసి మరీ కదిలేది.

ఇంత నోరున్న మనిషికి కాలు మాత్రం కట్టేసి ఉండేది. పదిహేనేళ్ళప్పుడు కాపురానికి వచ్చింది మొదలు ముప్పై ఏళ్ళపాటు ఆమె ఒక్క రాత్రి కూడా ఊరు దాటి పడుకోలేదు. బర్రెకు అలవాటైన చెయ్యి కావాలి. పరాయి చెయ్యి తగిలిందంటే పాలు పైకి గుంజుకుంటుంది. పాలవాళ్ళు దాన్నే ఎగజేపడం అంటారు. ఒక పూట ఎగజేపితే ఇళ్ళకు పాలుండవు. నాలుగు పూటలు ఎగజేపితే పొదుగు గట్టిపడి ఆ ఈతకు, అంటే మళ్ళీ ఈనేదాకా, పాలే పోతాయి. అందుకని ఆగమ్మకు నాగా లేదు, అంటే పూట తప్పడమన్నదే లేదు. తల్లి చనిపోతే పొద్దున హయత్‌నగర్ వెళ్ళి, మట్టి చేసి, సాయంత్రం పాల వేళకు తిరిగి వచ్చి బర్రె కింద కూర్చుని ఏడ్చింది.

అది పందొమ్మిది వందల ముప్పై ఏడు, చలి తగ్గే రోజులు. ఇంట్లో ఉన్న మూడు బర్రెల్లో రెండు వట్టిపోయి ఉన్నాయి. పాలిచ్చేది చంద్రి ఒక్కటే. ఈని రెండు నెలలైంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నందుకు దానికి చంద్రి అని పేరు, ఆ మచ్చకు తగ్గ పొగరు. ఆ ఇంటి పొయ్యి మండేది దాని పొదుగు మీదనే.

ఒకరోజు పాలు పోయించుకుంటూ వకీలు ఆనందరావుగారు, "ఆగమ్మా, మా బిడ్డ లలితమ్మను తీసుకురావడానికి వచ్చే వారం గురువారం మోటారు బందరు పోతున్నది. ఖాళీగా పోయే మోటారే గదా, మీ తమ్మునితోని నువ్వూ పోరాదూ? సముద్రం చూసి శనివారానికి రావచ్చు" అన్నారు. ఆయన మోటారు నడిపే మొగులయ్య ఆగమ్మకు సొంత తమ్ముడే. శుక్రవారం ఎలాగూ కచేరీలకు సెలవు, మిగిలిన రెండు రోజులూ ఆయన టాంగాలో వెళ్ళివస్తారు.

"నేను పోతే చంద్రిని ఎవరు పిండుతరు దొరా? మీరొచ్చి పిండుతరా?" అంది ఆగమ్మ.

"నేను కచేరీలో పిండేది చాలదా?" అని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయారాయన.

కాదని చెప్పి వచ్చిందన్న మాటే గానీ ఆ రోజంతా ఆగమ్మకు ముద్ద దిగలేదు. సముద్రం మీద ఆమెకు పాత పంచాయితీ ఒకటి ఉంది. నెయ్యి కోసం బార్కస్ నుంచి వచ్చే అరబ్బు తాత, సముద్రానికి అవతలి ఒడ్డు ఉండదని ఎప్పుడూ అంటుండేవాడు. "ఒడ్డు లేని నీళ్ళుంటయా తాతా? మీరాలం చెరువుకే ఉన్నది" అని ఆమె కొట్టిపారేసేది. ఇప్పుడు ఆ సంగతి తేల్చుకునే రోజు వాకిట్లోకి వచ్చి నిలబడింది.

కోడలు నీలమ్మ, కొడుకు ఎల్లప్ప భార్య, నోట్లో నాలుక లేని పిల్ల. కాపురానికి వచ్చి రెండేళ్ళైనా ఆమె గొంతు పక్కింటికి తెలియదు. ఆ పిల్ల ఆ రాత్రి అన్నం పెడుతూ, "నీ పాల చీర నాకియ్యి అత్తమ్మా. నేను పిండుత" అంది.

చెయ్యి మారేటప్పుడు పాలవాళ్ళు చేసే ఉపాయమే అది. పాత మనిషి చీర కొత్త మనిషి కట్టుకుని కూర్చుంటే, వాసన చూసి బర్రె మోసపోతుంది. ఆగమ్మకు అలాంటి గళ్ళ చీర ఒకటి ఉంది. పేడ, తవుడు, చేతికి రాసుకునే నూనె, ఏళ్ళ చెమట అన్నీ కలిసి దానికొక వాసన. నీళ్ళలో జాడించి ఆరేయడమే తప్ప దానికి సబ్బు తెలియదు. ఎనిమిది రోజులు ఆ చీర కట్టుకుని నీలమ్మ పిండింది, ఆగమ్మ పక్కన నిలబడి చూసింది. చంద్రి మెడ తిప్పి వాసన చూసి, ఊరుకుని, పాలు చేపింది.

ఇంకేం! ఆగమ్మ సంబరానికి హద్దు లేదు. పాలు పోసిన ప్రతి ఇంట్లోనూ, "గురువారం నేనుండ. బందరు పోతున్న, మోటార్ల" అని చెప్పింది. చెప్పిన ఇంట్లో మర్నాడు మళ్ళీ చెప్పింది. బుధవారం ఇల్లంతా తలకిందులు చేసి, బట్టలన్నీ పోగేసి ఉతికి పారేసింది. గురువారం తెల్లవారుజామున చంద్రిని పిండి, దాని చెవిలో ఏదో చెప్పి, మోటారులో ముందు సీట్లో తమ్ముని పక్కన కూర్చుంది.

హయత్‌నగర్ దాటాక మొగులయ్య వేగం పెంచాడు. చెట్లు వెనక్కి పరిగెత్తడం చూసి ఆగమ్మ ఒక చేత్తో తలుపును, ఇంకో చేత్తో తమ్ముని భుజాన్ని పట్టుకుంది.

"భుజం ఇడువక్కా, గుంతల పడ్తం!" అన్నాడు మొగులయ్య.

"నువ్వు సూడు ముందట. ఇంక జల్ది పోతదా ఇది?"

"పోతది."

"మరి పోనియ్యి!"

చౌటుప్పల్, నకిరేకల్ ఎప్పుడు వెళ్ళాయో తెలియలేదు. ఎదురుగా బండి కనబడితే చాలు, మొగులయ్యకంటే ముందు ఆమే అరిచేది. హారను పని సగం ఆమే చేసింది.

సూర్యాపేటలో చాయ తాగడానికి ఆగారు. హోటలు పక్కన కొట్టంలో బర్రెలున్నాయి. గాలి అటునుంచి వీచింది. ఆ వాసన ముక్కుకు తగలగానే ఆగమ్మ చాయ పక్కన పెట్టి లేచి నిలబడింది.

"తమ్మీ! చీర ఉతికిన!"

"ఏ చీర?"

"చంద్రి చీర! బట్టలన్నిటితోని దాన్ని గూడ సబ్బు పెట్టి ఉతికిన! నా చేతులిరగ, రెండు సార్లు పెట్టిన!"

మొగులయ్య ముందు నవ్వాడు. అక్క ముఖం చూశాక నవ్వు మింగేశాడు. సబ్బు వాసన కొడుతున్న చీర కట్టుకుని, పక్కన అత్త కూడా లేకుండా, ఆ పిల్ల సాయంత్రం చంద్రి కింద కూర్చుంటుంది. చంద్రి ఊరుకుంటుందా? ఆ పూటతో మొదలుపెట్టి శనివారం సాయంత్రానికి అయిదు పూటలు. పాలిచ్చే బర్రె ఉన్నది ఒక్కటి.

"అగో, పట్నం బస్సు" అన్నాడు మొగులయ్య మెల్లగా. "ఎక్కితే పాల యాళ్ళకు ఇంట్ల ఉంటవ్. ఏమంటవక్కా?"

ఆగమ్మ మూట తీసుకుని బస్సు దాకా నడిచింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. లోపల ఎవరో జరిగి చోటిచ్చారు. అప్పుడు ఆమెకు భయం వేసింది, చంద్రి గురించి కాదు. ఈ బస్సు ఎక్కితే ఇక జన్మలో ఏ బండీ ఎక్కనన్న సంగతి ఆమెకు నిలువునా తెలిసింది. సముద్రం అక్కడే ఉంటుంది, తాను కొట్టంలోనే ఉంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

కాలు కిందికి దించింది.

"పోనీయ్, బందరుకే పోనీయ్" అంది వచ్చి మోటారులో కూలబడుతూ. "ఎగజేపితే ఎగజేపనీ. ముప్పై ఏండ్లు దాని మాట ఇన్న."

అన్నదే గానీ కోదాడ దాకా నోరు మెదపలేదు. మొగులయ్యకు ఆ నిశ్శబ్దం చూసే భయమేసింది. నైజాం సరిహద్దు నాకా దగ్గర సుంకం జవాను మూట చూపించి, "ఇస్మే క్యా హై?" అని గద్దించాడు. "సద్ది! తింటవా?" అని ఆగమ్మ అంతకంటే గట్టిగా గద్దించింది. దాంతో ఆమె గొంతు మళ్ళీ తెరుచుకుంది. బెజవాడ దాటాక రోడ్డు పక్కనే కాలువ, కాలువలో పడవలు, అవతల కనుచూపుమేర పచ్చని పొలాలు. బందరు చేరేదాకా తలుపులోంచి తల లోపలికి తీస్తే ఒట్టు.

మర్నాడు పొద్దున లలితమ్మ ఇంట్లో కాఫీ తాగి బయలుదేరారు. ఊరు ఇంకా తీరిగ్గా నిద్ర లేస్తోంది. ఎండ ఎక్కినా దుకాణాలు తెరవలేదు. పెద్దమనుషులు అరుగుల మీద కాళ్ళు చాపుకుని, ఒకరి పేపరు ఒకరు చదువుకుంటూ కూర్చున్నారు.

"ఈ ఊళ్ళె ఎవ్వరికీ బర్లు లేవారా?" అంది ఆగమ్మ, నిజంగానే తెలియక.

రోడ్డు అయిపోయిన చోట మోటారు ఆపి ఇసుకలో నడిచారు. ఎక్కడో హోరు వినిపిస్తోంది. దిబ్బ ఎక్కగానే ఆగమ్మ ఆగిపోయింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. అవతలి ఒడ్డు కోసం మునివేళ్ళ మీద లేచి చూసింది. లేదు.

"తాత నిజమే చెప్పిండు!" అని అరిచి, నలభై అయిదేళ్ళ మనిషి, చీర మోకాళ్ళకు ఎగదోపుకుని పరుగు తీసింది. మొదటి అల పాదాలు తడిపింది. రెండోది నడుం దాకా వచ్చి ఆమెను కూలేసింది. ఉప్పునీళ్ళు ఉమ్ముతూ, పడి పడి నవ్వుతూ లేచింది. మళ్ళీ పడింది. మొగులయ్యకు అక్క నవ్వు తెలుసు గానీ ఇంత నవ్వు ఉందని తెలియదు. అతనూ చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాడు.

చేపల గంపతో పోతున్న ఒకావిడ ఆగి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది.

"పట్నం! హైదరాబాద్!"

"నైజామోళ్ళా! అంతలేసి దూరం నుంచి స్నానానికొచ్చారా?"

"అవునమ్మా. గిదేంది, ఈ లొల్లి ఎప్పుడూ గిట్లనే ఉంటదా? ఒక్క పూట గూడ నాగా లేదా దీనికి?"

"సముద్రానికి నాగా ఏంటమ్మా!" అని చేపలావిడ పకపకా నవ్వింది.

ఆగమ్మ ఒళ్ళంతా ఉప్పు పేరుకునేదాకా, ఆకలి తెలిసేదాకా నీళ్ళలోనే కూర్చుంది. చంద్రి గుర్తు రాలేదా అంటే వచ్చింది. గుర్తు వచ్చినప్పుడల్లా లేవబోయేది. ఆ వెంటనే ఇంకో అల వచ్చేది.

శనివారం లలితమ్మను ఎక్కించుకుని తెల్లవారుజామునే బయలుదేరారు. సూర్యాపేట దాటినప్పటి నుంచి ఆగమ్మకు సీటు మీద కూర్చోబుద్ధి కాలేదు. మాదన్నపేట చేరేసరికి సరిగ్గా పాల వేళ. మోటారు పూర్తిగా ఆగకముందే దిగి, కొట్టం వైపు పరిగెత్తి, గుమ్మంలో ఠక్కున ఆగింది. లోపల చెంబులో ధార పడుతున్న చప్పుడు. ఆ చప్పుడులో నురగ ఎంత ఉందో కూడా ఆమెకు తెలుస్తుంది. చెంబు నిండబోతోంది.

నీలమ్మ తన సొంత ఎర్రచీరలోనే కూర్చుని పిండుతోంది. ఏదో సన్నగా పాడుతోంది కూడా. చంద్రి మెడ తిప్పి గుమ్మంలో నిలబడ్డ ఆగమ్మను చూసింది. చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టుకుంది. ధార ఆగలేదు.

నీలమ్మ లేచాక అత్తను చూసి గాబరాపడింది. "నీ చీర కట్టుకుంటె మొదటి పూట తన్నింది అత్తమ్మా. చీర ఇడిసేసి నా చీరతోనే కూసున్న. దూడను ఇడిసి, గదువ కింద గీకుకుంట శానసేపు మాట్లాడిన. రెండు శేర్లే ఇచ్చింది. తెల్లారి నుంచి మంచిగనే ఇస్తుంది" అంది. అత్త చెంబు వైపే చూస్తుండేసరికి, "రేపటి సంది నువ్వే పిండు" అని చెంబు కింద పెట్టింది.

ఆగమ్మ కొట్టం గడప మీద కూర్చుంది. ముందు పొయ్యి ఆరిపోలేదన్న సంతోషం కలిగింది. ఆ సంతోషం అడుగునే ముల్లు లాంటిదేదో గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు తను లేకపోతే గడవదనుకుంది. అది ఎవరో చెప్పిన మాట కాదు, ఎవరో పెట్టిన కట్టు కాదు. ఒక్కసారిగా ఏడుపు వచ్చింది, ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది. ఆ పిల్ల ఏం చెయ్యాలో తోచక తన చెంగు అందించింది.

ఆగమ్మ కోడలి చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీలమ్మా, లలితమ్మను దింపనీకి వచ్చే నెల మోటారు మల్ల బందరు పోతది. ఎల్లప్పను తోలుకొని నువ్వు పో."

"నేనా అత్తమ్మా?" ఆ పిల్ల గొంతు మొదటిసారి పక్కింటి దాకా వినిపించింది. "మరి చంద్రి?"

"నేను లేనా? పిండుత" అంది ఆగమ్మ. కళ్ళు తుడుచుకుని చంద్రి వైపు ఒక చూపు చూసింది. "నాకు ఇస్తదో ఇయ్యదో. ఎందుకైనా మంచిది, నీ ఎర్రచీర ఇడిసి పో."