పుస్తకం అదే ఆంటీ

విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్ళే బస్సులో నా పక్కన తలకు స్కార్ఫ్ చుట్టుకున్న ఒక అమ్మాయి కూర్చుంది. ఒళ్ళోని లావుపాటి పుస్తకం నిండా పసుపు కాగితాలు అంటించి ఉన్నాయి. నాకప్పుడు అరవై ఆరేళ్ళు. నడుము చుట్టూ సర్పి లేచి, రెండు నెలలు మంటతో అల్లాడి కోలుకున్నాను. మళ్ళీ రాకుండా టీకా వేయించుకోమని డాక్టరు చెప్పినా, ఈ వయసులో ఎందుకులెమ్మని ఊరుకున్నాను.

ఏం చదువుతున్నావని అడిగితే, పెద్దవయసువాళ్ళ టి-కణాల మీద పరిశోధన చేస్తున్నానంది. రోగాలతో పోరాడే రక్తకణాలట అవి.

"వయసొస్తే వాటి జన్యువులు మారిపోతాయా అమ్మా?" అన్నాను.

"పుస్తకం అదే ఆంటీ. ఏ పేజీ చదవాలో చెప్పే గుర్తులు చోటు మారతాయి," అంటూ ఒక పసుపు కాగితం ఊడదీసి వేరే పేజీకి అంటించింది. "అందుకే కొత్త రోగాన్ని నేర్చుకోవడం కష్టమవుతుంది. పాతవి చాలావరకు గుర్తుంటాయి."

"అచ్చం మా ఆయనే! పెళ్ళిలో మావాళ్ళు వడ్డించని అప్పడం ఇప్పటికీ గుర్తే. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో గుర్తుండదు."

ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది.

నాకు సర్పి వచ్చిన సంగతి, డాక్టరు టీకా వేయించుకోమన్న సంగతి చెప్పి, "మరి అలాంటి కణాలకి టీకా ఎక్కుతుందంటావా?" అన్నాను.

"నిదానంగా ఎక్కుతుంది గానీ, ఎక్కకుండా ఉండదండీ. మీ సర్పి టీకా అయితే పెద్దవాళ్ళకీ బాగా పనిచేస్తుంది."

కూచిపూడిలో దిగి, కిటికీ దగ్గరికొచ్చి, "రెండు డోసులూ వేయించుకోండి ఆంటీ!" అని అరిచింది. బస్సంతా నావైపు చూసింది.

రెండూ వేయించుకున్నాను. మా ఆయన్నీ తీసుకెళ్ళాను. సూది చూసి ఆయన కళ్ళు గట్టిగా మూసుకుంటే, నేనూ నర్సమ్మా ఒకటే నవ్వు.