అడుగు కన్ను లేని తూము

పుంగనూరు దగ్గర మా ఊరి చెరువుకు రాతి తూము ఉండేది. ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు. రెండు నిలువు రాళ్ళు, వాటి మధ్య నీళ్ళు వదిలే మూడు కన్నులు, ఒకదాని కింద ఒకటి. చెరువు నిండితే పై కన్ను, తగ్గితే నడిమిది, ఇంకా తగ్గితే అడుగుది. రాయి, సున్నం, బుద్ధి పెట్టి కట్టారు. మేం కట్టినదాంట్లో మొదటి రెండింటికి బదులు ఇనుము, సిమెంటు ఉన్నాయి. మూడోదానికి బదులేమీ లేదు.

కుప్పం వైపు పోయే కాలువ నుంచి చెరువుకు నీళ్ళిస్తామన్నారు. అందుకని పాత తూము పీకి షట్టరు పెట్టే పని మొదలైంది. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరును నేను. మదనపల్లె నుంచి వచ్చే ఇంజనీరు, బూట్లకు బురద అంటుతుందని కారు అద్దం దించి పని చూసేవాడు. అదీ ఆయన తనిఖీ.

మా చిన్నాయన ఊరి నీరుగంటి. తూము తెరిచి మడి మడికీ నీళ్ళు కట్టేది ఆయనే. అందరికీ పారించాక చిట్టచివర తన మడి తడుపుకోవడం నీరుగంటి ఆచారం. ఆయన పైరు బతికేది ఎప్పుడూ అడుగు కన్ను నీళ్ళతోనే.

"సామీ, అడుగు కన్ను యాడ పెడతాండారు?" అని కారు దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఇక కాలువ ఏటా చెరువు నింపుతుంది. అడుగు నీళ్ళతో పనేముంది?" అన్నాడు ఇంజనీరు.

చిన్నాయన నా వైపు తిరిగాడు. "సదువుకున్నోడివి, నువ్వన్నా సెప్పప్పా."

"డ్రాయింగు సరిగ్గానే ఉండాది చిన్నాయనా" అన్నాను. సరిగ్గా లేదని నాకు తెలుసు. ఇంజనీరంటే నాకు రోత. ఆ పూట నా మీద అంతకంటే రోత పుట్టింది.

ప్రారంభోత్సవానికి కాలువ నీళ్ళు వచ్చాయి. పూలు చల్లి ఫొటోలు దిగారు. ఆ తర్వాత కాలువ ఎండిపోయింది. వరి పొట్టకొచ్చేసరికి చెరువు నీళ్ళు, పాత నడిమి కన్ను ఎత్తులో పెట్టిన షట్టరు గడప కిందికి దిగాయి. ఊరి మళ్ళన్నీ అప్పటికే తడిశాయి, చిన్నాయన మడి ఒక్కటే మిగిలింది. మోకాటిలోతు నీళ్ళు కళ్ళెదుటే ఉన్నాయి, బయటికి రావు. డీజిల్ ఇంజను పెట్టి తోడదామన్నాను.

"నీరుగంటే ఇంజను పెడితే, రేపు ఊరంతా పెడతారు" అని ఒప్పుకోలేదు.

ఎండిన పైరు ఆవులకు కోస్తున్న రోజే ఇంజనీరు వచ్చాడు. మొదటిసారి కారు దిగి, కట్టెక్కి, చెరువులో మిగిలిన నీళ్ళు చూసి మురిసిపోయాడు.

"చూశావా మన షట్టరు, చుక్క కారడం లేదు!"

"అవును సార్" అన్నాను.

అప్పుడే చిన్నాయన ఎండు పైరు మోపు నెత్తిన పెట్టుకుని కట్ట మీద మా వెనకే వచ్చి ఆగాడు. ఇంజనీరు వైపు చూడలేదు.

"రోంత పక్కకు జరగండి సార్" అన్నాడు నాతో.