కుట్లు వేసిన చివరి అధ్యాయం

పక్కింటి కాంపౌండరు మామ పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. చర్చికి వెళ్ళడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. అత్త గోడ మీదుగా పిలిచింది. "అబ్బయా, మీ మామ పలకడంలా. ఒకసారి రా." ఆ మనిషి పలకకపోవడమా! ఇందుకూరుపేట సెంటర్లో మాట్లాడితే మైపాడు రోడ్డులో వినిపించే గొంతు అది. వెంటనే గోడ దూకాను.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆయన ఆరడుగుల మనిషి, రిటైరయ్యాక కూడా దగ్గరికొస్తే స్పిరిట్ వాసన. నేను రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజర్ని, నా వాసన సంగతి మా ఇంటావిడను అడగండి. మమ్మల్ని కలిపింది పాత డిటెక్టివు నవలలు. వాటిలో ఎప్పుడూ ఇద్దరుంటారు కదా. ఒకాయన బూటు మీది మట్టి చూసి హంతకుడి ఇంటి అడ్రసు చెప్పేస్తాడు. రెండో ఆయన గొడుగు పట్టుకుని, నోరు తెరుచుకుని వింటాడు. మొదటాయన తానేనని మామ తొలిరోజే తేల్చేశారు. నాకు గొడుగు మిగిలింది.

"నువ్వేం చెయ్యబాక అబ్బయా. కడాన 'ఎట్టా కనిపెట్టినారు సార్?' అని అడుగు. అంతే నీ డ్యూటీ" అనేవారు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆయన కనిపెడితే కదా!

నెల్లూరు నుంచి పాత నవల తేగానే మామ చేసే మొదటి పని, చివరి అధ్యాయానికి కుట్లు వేయడం. సర్వీసంతా గాయాలు కుట్టిన చెయ్యి. వంకర సూది, నల్ల దారం, చివర్లో ఆస్పత్రి ముడి. ముందు ఆయన అక్కడిదాకా చదివి, హంతకుడి పేరు చీటీ మీద రాసి ఖాళీ టింక్చరు సీసాలో వేసేవారు. తర్వాతి వారం పుస్తకం నాకిచ్చేవారు. నా చీటీ కూడా పడ్డాక, ఆదివారం చర్చి నుంచి రాగానే కుట్లు కోయడం. కోసేముందు ఆ ముళ్ళను భూతద్దం పెట్టి చాలాసేపు చూసేవారు. డిటెక్టివు వేషాలు అనుకునేవాణ్ణి.

ఆయన చీటీలో ఎప్పుడూ ఒకటే మాట: డాక్టరు. "వాళ్ళ సంగతి నీకు తెలవదు, నేను దగ్గరుండి చూసినా" అనేవారు. కథలో డాక్టరు లేకపోతే, వంటమనిషి చిన్నప్పుడు వైద్యం చదివి ఉంటాడనేవారు. తప్పని తేలితే తప్పు రచయితది. ఒకసారి అత్త మిద్దె మీద ఆరేసిన ఎండు నెత్తళ్ళ చేపలు మాయమయ్యాయి. మామ టేపు పెట్టి మిద్దె అంతా కొలిచి, వెనక వీధి డాక్టరును అనుమానించారు. మా పిల్లి మూడు రోజులు అన్నం ముట్టలేదన్న సంగతి నేను చెప్పలేదు.

నేను మాత్రం ప్రతిసారీ గెలిచేవాణ్ణి. ఎలాగో ఇప్పుడు చెబుతున్నాను. హంతకుడెవరో తెలియకపోతే నాకు అన్నం సహించదు. పుస్తకం ఇంటికి రాగానే కుట్లు విప్పి, చివర చదివేసి, మళ్ళీ రవికలు కుట్టే మా ఇంటావిడతో కుట్టించేవాణ్ణి. "ఈ పాపంలో నాకెందుకు వాటా" అని సణుక్కుంటూనే అదే నల్ల దారంతో చక్కగా కుట్టేది. ఆయన పోవడానికి ముందు ఆదివారం చర్చి బయట మామ అందరికీ వినబడేలా "బుర్రంటే మా అసిస్టెంటుదే" అన్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయనకు నిజం చెప్పేయాలని ఆ రోజే అనుకున్నాను. వచ్చే ఆదివారం, కొత్త నవల నా చేతికిచ్చేటప్పుడు చెబుదామని వాయిదా వేశాను. ఆ ఆదివారమే ఆయన పోయారు. నన్ను తెలివైనవాడనుకుంటూనే వెళ్ళిపోయారని సమాధుల తోటలో నేను ఏడ్చిన ఏడుపు చూసి, సొంత అల్లుడనుకున్నారట కొందరు.

వాళ్ళింట్లో ఆదరణ కూడిక ప్రార్థనలు అయ్యాక అత్త ఆ నవలా, సీసా తెచ్చి ఇచ్చింది. "శనివారమే చీటీ ఏసినాడు. నువ్వు చూడాలని ఒకటే తొందర పడినాడు" అంది. మళ్ళీ డాక్టరే కదా అనుకుంటూ చీటీ తీశాను.

"ఈసారి డాక్టరు కాదు. మా అసిస్టెంటు. పుస్తకం ఇంకా వాడి చేతికి ఇవ్వలేదు, అయినా నేరస్థుడు వాడే. నాది ఆస్పత్రి ముడి. వాడి ఇంటి నుంచి వచ్చేది రవికల ముడి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. కుట్టు మాత్రం శుభ్రంగా ఉంది, అమ్మాయితో చెప్పాల."

నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు నిలబడి, "ఎట్టా కనిపెట్టినారు సార్?" అని అడిగాను.

"ఎవరితో మాట్లాడతన్నావు అబ్బయా?" అంది అత్త లోపల్నుంచి.

ఆ నవల ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కుట్టిన చోటు దాకా చదివాను. హంతకుడెవరో తెలియదు, అన్నం సరిగ్గా సహించడం లేదు. మా ఇంటావిడ సూదీ దారం తెచ్చి పక్కన పెట్టింది. పుస్తకానికి వేసిన నల్ల దారం చివర ఆయన ముడి అలాగే ఉంది.