ఏబేలు విప్పిన గడ్డి మర

ఏబేలు విప్పిన మరను మళ్ళీ బిగించడు. మార్కాపురంలో ఈ సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ పూటే రైలు దిగినవాళ్ళయినా అయివుండాలి, ఇంకా ఉయ్యాల దిగని పసిపిల్లలైనా అయివుండాలి. విప్పడంలో మాత్రం అతనంత నేర్పరి అప్పటి కర్నూలు జిల్లా మొత్తం మీద లేడు. పానా చేతికిస్తే చాలు, మీరు ఆకూవక్కా వేసుకునేలోగా ఎంతటి మరైనా ముక్కలు ముక్కలై గోనెపట్టా మీద వరసగా పడుకుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. తొలకరికి విప్పింది క్రిస్మసు దాకా అక్కడే పడుకుంటుంది. ఎవరు ఎప్పుడు అడిగినా ఏబేలుది ఒకటే జవాబు.

"అయిపోయినట్టే. పిసరంత పని మిగిలింది."

ఆ పిసరేమిటో అతని భార్య ఎలీషబాకు కూడా అంతుపట్టలేదు.

నిజానికి ఏబేలు బతుకుదెరువు మరలు కాదు, పలకలు. కార్ఖానాలో నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చి, బడిపిల్లల పలకలకు నున్నగా అరగదీసేవాడు. పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉండేది. అట్లాంటివాడు ఒక ఏడు, ఎలీషబా పోరు పడలేక, గొడుగు కొనుక్కొస్తానని కురిచేడు వెళ్ళాడు. అక్కడ రైల్వే ఇంజనీరు దొర ఒకాయన సీమకు వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తున్నాడు. గొడుగు కోసం పోయినవాడు తుప్పుపట్టిన గడ్డి మరతో రైలు దిగాడు. రెండు ఇనప చక్రాలు, వాటి మధ్య మెలితిరిగిన కత్తులు, కోసిన గడ్డి పడడానికి ముందర ఒక డబ్బా, వెనక నుంచి తోయడానికి పొడుగాటి పిడి. తోసుకుంటూ పోతే కత్తులు గిర్రున తిరిగి గడ్డిని సమంగా కత్తిరిస్తాయి.

"గొడుగేది?" అంది ఎలీషబా.

"దీన్ని చూడు ముందు. కత్తులు ఎంత అందంగా మెలి తిరిగినాయో."

"వాన పడితే దీన్ని నెత్తిన పెట్టుకోవాల్నా?"

"వాన పడితేనే గదా గడ్డి మొలిచేది," అన్నాడు ఏబేలు, అదేదో జవాబైనట్టు.

ఎలీషబా అన్న జీవానందం దొరల బడిలో అయ్యవారు. ఒకరిని చూసి నవ్వే అవకాశం వస్తే అన్నం ముందు నుంచి కూడా లేచివస్తాడు. ఆయన మర చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బావా, గడ్డి కొరకనీకి మనకు గొర్రెలు లేవా? గొర్రెను తొయ్యబళ్ళేదు, దానంతటదే నడుస్తది. పాలిస్తది, ఎరువిస్తది. నీ గొర్రె ఏమిస్తది?"

"శబ్దమిస్తది బావా. వినసొంపుగా ఉంటది," అన్నాడు ఏబేలు.

నవ్వినవాళ్ళు నవ్వుతుండగానే ఏబేలు రాతిపొడిని ఆముదంలో కలిపి, కత్తులకు పూసి, చక్రాలను వెనక్కి తిప్పి తిప్పి సానపట్టాడు. ఆ మరను పాదిరి దొరగారి బంగళాలో దొరసానమ్మకు అమ్మాడు. ఆ డబ్బుతో ఇంకో పాతది కొని, బాగుచేసి, గిద్దలూరు ఫారెస్టు బంగళాకు అమ్మాడు. మూడోదాన్ని కురిచేడులో కొత్తగా దిగిన ఇంజనీరు దొరకే అంటగట్టాడు. సీమకు పోయే దొరల దగ్గర కొనడం, సీమ నుంచి వచ్చే దొరలకు అమ్మడం. మన ఎండల్లో గడ్డిపోచ కనిపిస్తే కండ్లకద్దుకునే తాలూకాలో గడ్డి మరల వ్యాపారం చేసి నెగ్గుకొచ్చినవాడు ఏబేలు ఒక్కడే.

మొదటి ఏడు అంతా సవ్యంగా జరిగింది. రెండో ఏడు పట్టుకుంది అతనికి ఈ జబ్బు. తొలకరి నాలుగు చినుకులు పడ్డాయో లేదో, ఏబేలు బంగళాల చుట్టూ తిరిగేవాడు. మరకు నలతగా ఉందనేవాడు, లోపల పళ్ళచక్రం అరిగిందనేవాడు, ఇప్పుడు విప్పి చూడకపోతే చేతికి దక్కదనేవాడు. దొరలు పాపం భయపడి ఇచ్చేసేవాళ్ళు. ఒకటి రైల్లో, ఒకటి బండిలో, ఒకటి నడివీధిలో గలగలమంటూ, మూడు మరలూ ఎలీషబా ఇంటికి పుట్టింటికొచ్చినట్టు వచ్చేవి. వచ్చిన రోజే ముక్కలయ్యేవి. ఇక వానాకాలమంతా ఆ ఇంట్లో చుట్టాలొస్తే కాళ్ళు చాపుకోను చోటుండేది కాదు. గడ్డి డబ్బాలో కోడి పొదిగేది. పొడుగాటి పిడి మీద ఎలీషబా చీర ఆరేసేది.

"నిజం చెప్పు. బిగించడం రాదా నీకు?" అని అడిగేది ఆమె.

"రాకేం."

"మరి బిగించు."

"పిసరంత పని మిగిలింది."

"ఏందయ్యా ఆ పని?"

ఏబేలు వాకిట్లోకి పోయి ఆకాశం వైపు చూసేవాడు. "మబ్బు పట్టింది. కట్టెలు లోపలెయ్యి," అనేవాడు.

ఊళ్ళో ఆమెకు తలెత్తుకోవడం కష్టమైపోయింది. ఆదివారం ప్రార్థన ముగిసి బయటికి రాగానే ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు. "ఎలీషబమ్మా, మా తిరగలి బరువుగా తిరుగుతాంది. మీ ఆయనకు మాత్రం చెప్పబాకు తల్లీ, సంక్రాంతి దాకా పిండి ఉండదు," అని ఒకామె అంటే మిగతావాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఎలీషబాకు మొగుడంటే ప్రాణం. ఎన్నిసార్లు విసుక్కున్నా, ఆ చేతుల్లో పనితనం లేదని పరాయివాళ్ళు అంటే ఆమెకు కడుపు మండిపోయేది. పైకి ఏమీ అనలేక ఇంటికొచ్చి కోడిని తిట్టేది.

ఆ ఏడు కోత పండుగ దగ్గరపడుతుండగా జీవానందం వచ్చాడు. ఈసారి ఆయన మొహాన నవ్వు లేదు.

"బావా, దొరసానమ్మ చెప్పమన్నది. పండక్కి మద్రాసు నుంచి పెద్దలొస్తున్నారంట. శనివారానికి మర రాకపోతే కొత్తది తెప్పిస్తదంట. నిన్నింక ఆ గేటు లోపలికి రానియ్యరు. ఇక్కడ పోయిందంటే గిద్దలూరు పోతది, కురిచేడు పోతది. ఇన్నేండ్ల వ్యాపారం గాలికి పోతది, ఆలోచించుకో."

"అట్లనా," అన్నాడు ఏబేలు, తువ్వాలు దులుపుకుని.

అంతే. శుక్రవారం దాకా ఒక్క ముక్కను ముట్టుకోలేదు. శనివారం పొద్దున్నే సద్దిమూట చేతబట్టుకుని కార్ఖానాకు వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరగగానే ఎలీషబా కొంగు బిగించింది. మొగుడి పేరు ఆ సాయంత్రంతో పోతుంది. పోనివ్వడం ఆమె వల్ల కాలేదు. ఏళ్ళ తరబడి ఆ ముక్కల చుట్టూ ఊడ్చిన మనిషి, దేని పక్కన ఏది పడుకుంటుందో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కోడిని లేపింది. పిడి మీద ఆరేసిన చీర తీసింది. పానా పట్టుకుని కూర్చుని, ఎండ చూరు దాటి వాకిట్లోకి దిగేసరికి దొరసానమ్మ మర మొత్తం బిగించింది. ఒక్క నట్టు మిగల్లేదు, ఒకటి తక్కువ పడనూ లేదు. పెరట్లో గరిక మీద తోసి చూస్తే కత్తులు గిర్రున తిరిగి నున్నగా కోసేశాయి.

మర నిక్షేపంలా ఉంది. మిగిలిన పనంటూ ఏమీ లేదు. అంటే ఇన్నేళ్ళూ ఉత్త బద్ధకమేనా అనుకుంది, ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ కోపంతోనే మరను వీధిలోకి తోసింది. రాళ్ళ మీద అది చేసిన చప్పుడికి జనం వాకిళ్ళలోకొచ్చారు. బడి ముందర జీవానందం చేతిలో సుద్దముక్క జారిపడింది.

"బావ బిగించినాడా?"

"బిగిసిందా లేదా? కండ్లు లేవా నీకు?" అని ఎలీషబా ఆగకుండా నడిచింది. ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకని గదమాయించింది.

బంగళా ముందర గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. పుల్లమ్మ, దీనమ్మ, ఇంకా కొందరు ఆడవాళ్ళు కొడవళ్ళతో ఒక వార నుంచి కోసుకుంటూ వస్తున్నారు. వాళ్ళ వెనక పచ్చగడ్డి మోపులు. వాళ్ళు అంతకుముందే కోసేసిన చోట, మళ్ళీ వేలెడు చిగురించిన గడ్డి మీద ఎలీషబా మరను నిలబెట్టింది. దొరసానమ్మ చప్పట్లు కొట్టి నడపమంది. ఎలీషబా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క వరస తోసింది. చాప పరిచినట్టు తెగింది గడ్డి.

"చాలా సంతోషము! దొరగారిని పిలుచుకొని వచ్చెదను," అని దొరసానమ్మ లోపలికి పరిగెత్తింది.

ఎలీషబా గర్వంగా వెనక్కి తిరిగింది. కొడవళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. పుల్లమ్మ లేచి దగ్గరికొచ్చింది.

"బాగైపోయిందా వదినా? ఏబేలన్న పంపించినాడా?"

"ఏం, బాగైతే నీకు కష్టమా?"

"రేపట్నించి మేము రాబళ్ళేదు గదా మరి," అంది పుల్లమ్మ నెమ్మదిగా. "మాకు కూలేం లేదు వదినా. కోసిన గడ్డే మా కూలి. మర వచ్చిన మొదటి ఏడు మమ్మల్ని రావద్దన్నారు. పచ్చిమేత లేక మా బర్రె ఒట్టిపోయింది. దీనమ్మది అమ్ముకున్నది. ఖాళీ తట్టలతో గేటు కాడ నిలబడి ఏడుస్తాంటే ఏబేలన్న చూసినాడు. మరుసటేడు వాన పడంగనే మరను ఎత్తకపోయినాడు. గిద్దలూరులో గూడా అట్లనే చేస్తాడంటనే, కురిచేడులో గూడా."

ఎలీషబా మర పిడి వదిలి, మోపుల వైపు తిరిగింది.

"నీకు చెప్పలేదా వదినా?" అంది పుల్లమ్మ. "నీకు తెలుసనుకుంటిమే."

తొలకరి నుంచి క్రిస్మసు దాకా. గడ్డి ఉన్నన్నాళ్ళూ మర ముక్కల్లో ఉంటుంది, గడ్డి ఎండగానే బాగవుతుంది. ఇంత తేటగా కనిపించేది తన కళ్ళకు ఇన్నేళ్ళూ ఎట్లా కనిపించలేదో ఆమెకు అర్థం కాలేదు. ఊరంతా నవ్వుతుంటే ఆ మనిషి తనతో కూడా చెప్పకుండా నవ్వులపాలయ్యాడు. ఆమెకు అతని మీద అంత కోపం, అంత ప్రేమ ఒక్కసారిగా ఎప్పుడూ కలగలేదు.

లోపల దొరగారి బూట్ల చప్పుడు వినిపించింది. ఎలీషబా వంగి, కత్తులు ఆనితేనే గడ్డి తెగే కింది ఇనప బద్దను పట్టే మరమేకులను రెండు పక్కలా సడలించింది.

దొరగారు వచ్చి నిలబడ్డారు. ఎలీషబా తోసింది. కత్తులు గిర్రున తిరిగాయి, శబ్దం వినసొంపుగా వచ్చింది, గడ్డి మర్యాదగా వంగి, మర దాటిపోగానే మళ్ళీ లేచి నిలబడింది.

"మొదటి వరస చక్కగా తెగినది కదా?" అంది దొరసానమ్మ.

"అదేనమ్మా దాని జబ్బు. ఒక వరస కోస్తది, అలిసిపోతది," అంది ఎలీషబా. తర్వాత గొంతు పెంచి, అందరికీ వినపడేటట్టు చెప్పింది. "మా ఆయనకు విప్పడం వచ్చినంతగా బిగించడం రాదమ్మా. ఊరందరికీ తెలిసిందే."

"అయితే మద్రాసు నుండి క్రొత్తది తెప్పించెదము."

"తెప్పించండమ్మా. అది చెడితే మాత్రం చూసేవాళ్ళు ఇక్కడ ఇంకొకరు లేరు. మళ్ళీ మా ఆయన చేతికే రావాల."

దొరసానమ్మ తెగిన వరసను చూసింది. కొడవళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళను చూసింది. మోపుల వైపు చూసింది. ఎలీషబా మొహంలోకి చాలాసేపు చూసింది.

"క్రిస్మసునకు బాగగునా?"

"తప్పకుండా అమ్మా."

"అప్పుడు గడ్డి ఉండదు కదా?"

"ఉండదమ్మా. మర మాత్రం ఉంటది."

దొరసానమ్మ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెం దగ్గింది, ఆ దగ్గు మామూలు దగ్గులా లేదు. తర్వాత పుల్లమ్మ వైపు తిరిగి, "సాయంకాలములోగా మొత్తము కోయవలెను. గడ్డి అంతయు మీరే కొనిపోవలెను," అంది. దొరగారికి ఏమీ అర్థం కాలేదు.

జీవానందం ముందే కార్ఖానాకు కబురు మోశాడు. ఏబేలు పనిమధ్యలోనే బయల్దేరి, ఒళ్ళంతా రాతిపొడితో, దారిలో ఎదురయ్యాడు. భార్యను, ఆమె తోసుకొస్తున్న మరను చూసి ఆగిపోయాడు.

"నడిచిందా?"

"నడిచింది. నిక్షేపంలా నడిచింది."

ఏబేలు దారి పక్క రాయి మీద కూలబడ్డాడు. "మరి ఎందుకు వెనక్కి తెస్తాండావు?"

"నీకు పని రాదని చెప్పినా. దొర ముందర, దొరసాని ముందర, అందరి ముందర చెప్పినా."

ఏబేలు ఆమె మొహం చూశాడు. బుగ్గల మీద పొడి పగిలి నవ్వు బయటపడింది. "పుల్లమ్మ చెప్పిందా?"

"నువ్వు చెప్పాల్సిన మాట. నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీకు అబద్ధం రాదు గదా. మీ అన్న అడిగితే చెప్పేస్తావు. ఆయన గుడిలో చెప్తాడు."

"రాదనే అనుకున్యా నేను గూడా," అంది ఎలీషబా. పేరు నిలబెడదామని పొద్దున బయల్దేరిన మనిషి, ఆ పేరును తన చేతులతోనే మట్టిలో కలిపి వస్తోంది. ఆమెకు మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఇద్దరూ కలిసి మరను ఇంటికి తోసుకొచ్చారు. ఎలీషబా గోనెపట్టా పరిచి, పానా తీసుకుని కూర్చుంది.

"మా అన్న చూడనీకి వస్తాడు. ఆయన వచ్చేలోగా ముక్కలు కావాల. ఆ పక్క నువ్వు పట్టుకో, ఈ పక్క నేను విప్పుతా."

ఏబేలు పట్టుకున్నాడు.