బల్ల మీది పొద

గడియారాలు బాగుచేసే పెద్దాయనకి వెనకటి యుద్ధాల సీసపు సైనికులంటే ప్రాణం. కంటికి భూతద్దం బిగించి, కుంచె కొసని పెదాలతో సూదిగా చేసుకుని, గోరంత సైనికుడికి మీసం దిద్దుతుంటే ఇల్లు తగలబడినా తలెత్తడు. ముందుగదిలో పచ్చగుడ్డ పరిచిన బల్ల మీద, తమ్ముడితో సగంలో ఆగిపోయిన ఆట తాలూకు రెండు సైన్యాలు ఏళ్ల తరబడి అలాగే నిలబడి ఉన్నాయి. ఆ ఆటలో సేనాపతిని పడగొట్టాలంటే గుర్రం జానెడు దూరంలోకి రావాలి. తన గుర్రం వచ్చిందని తమ్ముడు, రాలేదని పెద్దాయన పడ్డ తగువులో, టేపు తీసేలోపే అన్నదమ్ములకి మాటలు పోయాయి. అప్పట్నుంచి ఆ బల్ల మీద చీమ పాకాలన్నా పెద్దాయన్ని అడగాలి. “మనుషులకి లేని మర్యాద బొమ్మలకి,” అని సణుగుతుంది భార్య.

తమ్ముడు వస్తున్నాడని తెలిసిన రోజు పెద్దాయన తలుపేసుకుని కొలిచాడు. గుర్రం జానెడులోనే ఉంది. దాన్ని అంగుళం వెనక్కి జరిపాడు. ఎండకి వెలిసిన గుడ్డ మీద, అది ఇన్నాళ్లూ నిలబడ్డ చోటు ముదురు పచ్చగా బయటపడింది. దాని మీద స్పాంజితో చేసిన ఓ బొమ్మ పొద పెట్టాడు.

తమ్ముడు వచ్చి, వంగి కొలిచాడు. “నువ్వన్నదే నిజం అన్నయ్యా. అన్యాయంగా ఇన్నేళ్లు నిన్ను తిట్టుకున్నాను.”

“పోనీలేరా,” అన్నాడు పెద్దాయన, పెద్దమనసు చేసుకుని.

“ఈ పొద అప్పుడు లేదే?” అంటూ తమ్ముడు దాన్ని ఎత్తాడు. కిందున్న పచ్చమచ్చని కాసేపు చూశాడు. పొదని మళ్లీ అక్కడే జాగ్రత్తగా పెట్టాడు. వదిన తెచ్చిన టీ ముట్టకుండా చెప్పులేసుకుని, “వెళ్తాను వదినా,” అన్నాడు. వెళ్లొస్తానని అనలేదు.