కార్తీకంలో తడిసిన పడుగు

మా ఆయన పోయి నెల తిరగకముందే మగ్గానికి కొత్త పడుగు సిద్ధం చేయవలసి వచ్చింది. యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. పొద్దున్నే బెంగళూరు పేటలోని మా వీధి పొడవునా దారాలు సాగదీసి, గంజి పట్టించి, మా అత్త ఒక కొసన, నేను ఒక కొసన కుంచెలతో దువ్వుతున్నాం. నాకు ఏడుపు రావడం లేదు. ఆకలీ తెలియడం లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

గంజి ఆరకముందే తూర్పున మబ్బు కమ్మి వాన మొదలైంది. అత్త కేకలు పెట్టింది. నేను కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఓడ కొలువు నుంచి సెలవు మీద వచ్చిన నా తమ్ముడు పరుగున వచ్చి పడుగును లోపలికి లాగాడు. అప్పటికే దారాలు ఒకదానికొకటి అంటుకున్నాయి.

“కార్తీకంలో ఈ వాన ఏందప్పా?” అంది అత్త.

“సముద్రం పంపిందత్తా,” అన్నాడు తమ్ముడు. “ నేల బిన్నా చల్లబడతాది, సముద్రం అంత తొందరగా చల్లబడదు. ఎండాకాలపు వేడి ఇంకా దాంట్లోనే ఉండాది. ఆ నీళ్లు ఆవిరై పైకి లేస్తాయి. ఇప్పుడు గాలి తూర్పు నుంచి వీస్తాండాది గదా, ఆ తేమనంతా మన మీదికి తెస్తాండాది.”

ఓడ మీద అధికారి చెప్పినప్పుడల్లా సముద్రపు నీళ్లు తోడి ఇవ్వడం వాడి పని. ఆయన వాటిలో థర్మామీటరు ముంచి చూసేవాడట.

“తుఫానుకు ముందు గోరువెచ్చగా ఉంటాయక్కా. అది పోయినాక అదే తావున తోడితే చల్లగా ఉంటాయి. గాలి ఆ వేడి గుంజుకుంటాది, అడుగున ఉండే చల్లనీళ్లను పైకి కలబెడతాది.”

నన్ను మాట్లాడించాలనే వాడి తాపత్రయం. నాకు తెలుస్తూనే ఉంది.

“ఎప్పుడు నిలుస్తాది?” అన్నాను.

“తుఫాను నేల మీదికొచ్చేసిందిలే. కింద వెచ్చని నీళ్లు లేవు. ఇంక బలం తగ్గిపోతాది.”

వాడన్నట్టే వాన సన్నబడి ఆగింది. పులిసిన గంజి కడిగి, దారాలు విడదీసి, మళ్లీ పట్టించాం. సెలవు అయిపోయి తమ్ముడు వెళ్లిపోయాడు. మా ఆయన కూర్చునే మగ్గం గుంటలోకి నేను దిగాను.

“ఒకసారి ఏడ్వమ్మా,” అంది అత్త.

ఏడుపు రాలేదు. ఆ పడుగుతో నేసిన చీర అంచు వంకరగా వచ్చింది. అత్త దాన్ని చూసి, వంకర కనబడకుండా మడత పెట్టింది.